విరుపాపుర గడ్డి, అవతలి ఒడ్డు

హంపి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున గుంతకల్లులో ఆగుతుంది. నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో గుంతకల్లు దాటిన ప్రతిసారీ నా రైలు ఉత్తరానికి, ఆదోని మీదుగా మా కోసిగి వైపే పోయింది. ఆ జనవరి శనివారం మాత్రం పడమటికి తిరిగి బళ్ళారి దారి పట్టింది. ఊరి దాకా వచ్చి ఇంటికి పోకుండా తప్పించుకుపోతున్నట్టు కాస్త సిగ్గేసింది. వీపున బ్యాగు, ఫోనులో రాబర్ట్ సూయెల్ 1900లో వేసిన విజయనగర చరిత్ర, ఒక రోజు 'ఐలాండ్ వాక్'కి ముందే కట్టేసిన డబ్బులు. ఇదీ నా సరంజామా.

హంపిలో విరూపాక్ష గుడి దగ్గరి రేవులో కలుసుకున్నాం. మొత్తం ఎనిమిదిమందిమి: ముగ్గురు విదేశీయులు, పూణె నుంచి వచ్చిన నలుగురు, నేను. గైడుది ఆనెగొంది. నలభై దాటిన మనిషి. పడవ ఎక్కేముందు ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. లైఫ్ జాకెట్లు తగిలించుకున్నాం. అవతలి ఒడ్డు ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. దిగగానే ఇంగ్లీషులో చెప్పాడు, ఇదే ఆ ద్వీపం అని.

దాని పేరు విరుపాపుర గడ్డి. తెలుగువాళ్ళం ఆ పేరు వినగానే పచ్చగడ్డి అనుకుంటాం. కన్నడంలో నది నడుమ నేలను నడుగడ్డె అంటారు. కృష్ణా తుంగభద్రల మధ్య గద్వాల, ఆలంపురం వైపు నేలను మనం నడిగడ్డ అంటాం కదా, ఆ గడ్డే ఇది. గోదావరి వాళ్ళకు లంక ఎలాగో మా నదికి గడ్డ అలాగ. ఇక్కడ తుంగభద్ర రెండు పాయలుగా చీలుతుంది. మధ్యలో వరిమళ్ళు, కొబ్బరి చెట్లు, అరటితోటలు, వాటి వెనక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గులకరాతి రంగు కొండలు. ట్రావెల్ సైట్లలో దీని పేరు 'హిప్పీ ఐలాండ్'.

గైడు మూడు కథలు చెప్పాడు. మొదటిది కిష్కింధ. ఎదురుగా కనిపించే అంజనాద్రి కొండ, 575 మెట్లు, హనుమంతుడు పుట్టిన చోటు. నేను తెలుగువాణ్ణని అప్పటికే కనిపెట్టినట్టున్నాడు. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం హనుమంతుడి జన్మస్థలం తిరుమలలోని అంజనాద్రి అని ప్రకటించిన సంగతి గుర్తుచేసి, "మీ వాళ్ళు మా స్వామిని తీసుకుపోయినారు సార్," అని నవ్వాడు. రెండోది విజయనగరం. నది ఉత్తరాన ఆనెగొంది, దక్షిణాన రాజధాని, 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధం, ఆ తర్వాత బూడిద. మూడోది హిప్పీలు. గోవా నుంచి వచ్చి, ఊయల మంచాల్లో నెలల తరబడి పడుకుని, గిటారు వాయించి వెళ్ళిపోయినవాళ్ళు. మూడు కథలూ బాగా చెప్పాడు. ప్రతి కథకూ ఫోటో తీసుకోవడానికి ఒక చోటు చూపించాడు.

నాకు మాత్రం పడవ ఎక్కేముందు ఆయన మమ్మల్ని లెక్కపెట్టిన తీరు మీదే మనసు పోయింది. ఎందుకంటే సూయెల్ పుస్తకంలో సరిగ్గా అలాంటి దృశ్యం ఒకటి ఉంది. 1520 ప్రాంతంలో దొమింగో పాయెస్ అనే పోర్చుగీసు మనిషి కృష్ణదేవరాయల రాజధానికి వచ్చాడు. సూయెల్ అనువదించి వేసిన రెండు పోర్చుగీసు రచనల్లో ఒకటి ఈయనది. పాయెస్ బృందానికి రాజమందిరం చూపించే ఏర్పాటు జరిగింది. చూపించింది తిమ్మరుసు సోదరుడు, నగరానికి అధికారి. గుమ్మం దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి ఒక్కొక్కరినే లోపలికి వదిలారట. గదులు చూపించారు, దంతపు పని చూపించారు, నాట్యశాల చూపించారు. అంతఃపురం చూపించలేదు. పాయెస్ చూసినదాన్ని చూసినట్టు రాశాడు. ఇవాళ మనం విజయనగర వైభవం అని చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఆ రాతల మీదే నిలబడి ఉంది. అంటే మన తలల్లో ఉన్న విజయనగరం కొంతవరకు ఒక గైడెడ్ టూరు. చూపించినవాళ్ళు ఏది చూపించాలనుకున్నారో అది.

ఆ పాయెస్సే ఈ నది దాటడం గురించి కూడా రాశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉండే పడవలు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవైమందిని మోస్తాయి, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా. తెడ్డు వేస్తుంటే తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతుంటాయి. మా వైపు వీటినే పుట్టి అంటాం, కన్నడిగులు హరిగోలు అంటారు. సణాపుర దగ్గర ఇవాళ టూరిస్టులను ఎక్కించి తిప్పే పుట్టి అదే. తోలు బదులు ప్లాస్టిక్ పట్టా, దాని మీద తారు. గిరగిరా తిప్పడానికి ఇప్పుడు డబ్బులు తీసుకుంటారు.

కాసేపు నడిచాక, మిగతావాళ్ళు పాత రాతి కాలువ వంతెన శిథిలం దగ్గర ఫోటోల్లో పడ్డప్పుడు, గైడుని అడిగాను. "ఈ గడ్డి ఎవరిది? అంటే, 1956కి ముందు?"

ఆయన నన్ను కాస్త వింతగా చూశాడు. "మీదే ఊరు సార్?"

"కోసిగి. మంత్రాలయం దగ్గర."

అక్కడితో ఇంగ్లీషు పోయింది. సగం కన్నడం, సగం క్యాంపుల తెలుగు వచ్చింది. "మా తాత నిజాం ప్రజ. ఆయన చెల్లెల్ని హంపికి ఇచ్చినారు. ఆమె ఇంగ్లీషోళ్ళ ప్రజ. పండగకి పుట్టిలో పోతే దుడ్లు కూడా మార్చుకోవాల."

నేను వినాలనుకున్న నాలుగో కథ అదే. అది టూరులో లేదు.

1800లో నిజాం ఇవాళ్టి రాయలసీమ, బళ్ళారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలం అన్న మాట అలా వచ్చింది. ఆ పంపకంలో ఇక్కడ తుంగభద్ర సరిహద్దు అయింది. దక్షిణపు ఒడ్డున హంపి బళ్ళారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండిపోయింది. ఉత్తరపు ఒడ్డున ఆనెగొంది, ఆ వైపు గ్రామాలు నిజాం రాజ్యంలో. నిజాంకు సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. గైడు తాత దుడ్లు మార్చుకోవాల్సి వచ్చింది అందుకే. కంటికి కనిపించే గుడి, చేతికి అందేంత దూరంలో చెల్లెలి ఇల్లు, మధ్యలో రెండు ప్రభుత్వాలు.

మా కోసిగి కూడా అప్పుడు బళ్ళారి జిల్లాలోనే, ఆదోని తాలూకాలో ఉండేది. అంటే మా ముత్తాతకూ హంపి పూజారికీ కలెక్టరు ఒక్కడే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్ళారి, హోస్పేటతో సహా మిగతాది మైసూరుకు పోయింది. 1956 నవంబరు 1న నిజాం వైపు రాయచూరు జిల్లాలో ఎక్కువ భాగం కూడా మైసూరులో కలిసింది. అలా హంపి దగ్గర నది సరిహద్దుగా ఉండడం మానేసింది. కోసిగి దగ్గర మాత్రం అది ఇంకా సరిహద్దే. మా మండలం అవతల ఒడ్డు రాయచూరు జిల్లా. ఒకే నది, ఒకే గీత. ఎగువన చెరిగిపోయింది, దిగువన మిగిలింది.

ఈ గీతను పట్టుకుని చూస్తే గడ్డి కథ వేరేగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో హంపిని కొలిచినవాళ్ళు, ఫోటోలు తీసినవాళ్ళు, పుస్తకాలు రాసినవాళ్ళు చాలావరకు మద్రాసు వైపు మనుషులు. కాలిన్ మెకంజీ పటం గీయించాడు. అలెగ్జాండర్ గ్రీన్లా 1856లో ఫోటోలు తీశాడు. సూయెల్ మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. లాంగ్‌హర్స్ట్ 1917లో హంపి శిథిలాల మీద వేసిన పుస్తకం చేతిలో పట్టుకుని తరవాతి తరాల యాత్రికులు తిరిగారు. దక్షిణపు ఒడ్డుకు రైలు వచ్చింది, ముసాఫిరుఖానా వచ్చింది, పేరు వచ్చింది. ఉత్తరపు ఒడ్డు వేరే దొర గారి నేల. 'హంపి' అంటే నది ఇవతలి భాగమే అనే అలవాటు మనకు అక్కడి నుంచే స్థిరపడిందని నా అనుమానం. 1956లో గీత చెరిగినా వంతెన రాలేదు. పడవ సాయంత్రమైతే ఆగిపోయేది. అందుకే గడ్డిలో అద్దె చవక, రాత్రి చీకటి, పోలీసు దూరం. బ్యాక్‌ప్యాకర్లు వెతుక్కుంటూ వచ్చిన 'ప్రశాంతత' ప్రకృతి ఇచ్చింది మాత్రమే కాదు. నూట యాభై ఏళ్ళ సరిహద్దు, ఆ తర్వాత లేని వంతెన కలిసి దాన్ని తయారు చేశాయి.

వంతెన కథ కూడా చిన్నది కాదు. 1986లో హంపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 1999లో ఈ ప్రాంతంలో కడుతున్న తీగల వంతెనల మూలంగా దాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో చేర్చారు. 2006లో తీసేశారు. ఆనెగొంది దగ్గర సగంలో ఉన్న వంతెన 2009 జనవరిలో పని జరుగుతుండగానే కూలి కూలీలు చనిపోయారు. మేము నది ఒడ్డున అన్నం తింటున్నప్పుడు గైడు దాని ఊసెత్తాడు. ఫోటో తీసుకోమనలేదు.

గెస్ట్‌హౌస్‌ల ఊసు కూడా అక్కడే వచ్చింది. విరుపాపుర గడ్డి 1988 నుంచే రక్షిత ప్రాంతం కిందికి వస్తుందని, అక్కడ కట్టినవి అక్రమమని కర్ణాటక హైకోర్టు 2015లో చెప్పింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. మార్చి మొదట్లో జేసీబీలు వచ్చాయి. ఆ నెలాఖరుకే లాక్‌డౌన్. గైడు అప్పటిదాకా గడ్డిలో ఒక గెస్ట్‌హౌస్‌లో వంటవాడు. "షక్షుకా చేసేదాన్ని బాగా నేర్చుకున్యా," అన్నాడు. ఇజ్రాయెల్ వాళ్ళ గుడ్ల కూర అది. ఇప్పుడు ఆ పునాదుల మధ్య నుంచే రోజూ మమ్మల్ని నడిపించుకుపోతాడు. హిప్పీల కథ చెప్పేటప్పుడు తన వంటగది ఎక్కడుండేదో మాత్రం ఎవరికీ చూపించడు. నాకు చూపించాడు. ఒక సిమెంటు గట్టు, దాని మీద ఎండబెట్టిన పిడకలు.

ఆ తీర్పు తప్పని నేను అనను. చదివితే చట్టం వైపు బలమే కనిపిస్తుంది. కానీ వారసత్వం అంటే రాళ్ళేనా, మనుషులా అన్న ప్రశ్న హంపిలో కొత్తది కాదు. 2011లో విరూపాక్ష గుడి ముందరి బజారు మంటపాల్లో తరాలుగా కాపురముంటున్నవాళ్ళను ఖాళీ చేయించినప్పుడూ ఇదే వచ్చింది. పాయెస్ ఆ వీధిని యాత్రికులు దిగే అందమైన ఇళ్ళ వీధిగా చూశాడు. ఇప్పుడు అది నిర్మానుష్యంగా, శుభ్రంగా, ఫోటోకి బాగుంటుంది.

మధ్యాహ్నం ఆనెగొంది నుంచి ఇంకో పడవ ఎక్కి నవబృందావనానికి పోయాం. ఇదీ తుంగభద్ర నడుమ గడ్డే. కానీ బ్యాక్‌ప్యాకర్ల జాబితాలో చివర, మధ్వ సంప్రదాయం వాళ్ళ జాబితాలో మొదట ఉంటుంది. తొమ్మిదిమంది యతుల బృందావనాలు. 1324లో పోయిన పద్మనాభ తీర్థులు, కృష్ణదేవరాయలు గౌరవించిన వ్యాసతీర్థులు, మంత్రాలయం రాఘవేంద్రస్వామికి గురువైన సుధీంద్ర తీర్థులు. చిన్నప్పుడు మంత్రాలయంలో తుంగభద్రలో మునిగి, తడిబట్టలతో స్వామి దర్శనానికి నిలబడ్డవాణ్ణి. ఆ స్వామి గురువు ఇక్కడ, నదికి ఎగువన, ఒక ద్వీపంలో ఉన్నాడని ముప్పై అయిదేళ్ళు వచ్చాక ఒక టూరులో తెలిసింది. 2019 జులైలో నిధి కోసం ఎవరో వ్యాసతీర్థుల బృందావనాన్ని తవ్వి పగలగొట్టారు. రోజుల్లోనే తిరిగి కట్టారు. రాయలవారి కాలంలో రతనాలు రాసులు పోసి అమ్మారని మా సీమలో చెప్పని ఇల్లుండదు. ఆ మాటను కొందరు చరిత్రగా వింటారు, కొందరు అడ్రసుగా వింటారు.

తిరుగుదారిలో ఆనెగొంది దాటాక, రోడ్డుకు రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. వెనకే ఆ గుండ్రాళ్ళ కొండలు. అందరం ఆగి ఫోటోలు తీశాం. నా దగ్గరున్న ఫోటోల్లో మంచిది అదే.

ఈ పచ్చదనానికీ ఒక తేదీ ఉంది. విజయనగరం నాటి కాలువలు కొన్ని ఇప్పటికీ ఇక్కడ పారుతున్నాయి, నిజమే. కానీ గంగావతి, సింధనూరు వైపు కనుచూపుమేర వరి వచ్చింది తుంగభద్ర డ్యాం తర్వాత. 1945 ఫిబ్రవరి 28న ఆ డ్యాంకి రెండు శంకుస్థాపనలు జరిగాయి. ఎడమ ఒడ్డున నిజాం తరఫున బేరారు యువరాజు, కుడి ఒడ్డున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్. శంకుస్థాపనలోనూ గీతే. 1953లో నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పండించడం తెలిసిన కోస్తాంధ్ర రైతులు వచ్చి భూములు కొన్నారు, ఊళ్ళు కట్టుకున్నారు. వాటిని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. గైడుకి తెలుగు వచ్చింది ఆ క్యాంపుల నుంచే.

కుడివైపు దిగువ కాలువ బళ్ళారి మీదుగా మా వైపు, ఆదోని, ఎమ్మిగనూరు దిక్కుకు వస్తుంది. చివరి భూములకు నీళ్ళు అందడం ఏటా ఒక గొడవ. ఇంకో సంగతి. మా కోసిగి మండలంలో అగసనూరు దగ్గర నదికి అడ్డంగా ఒక ఆనకట్ట ఉంది. రాజోలిబండ. నిజాం కాలంలో మొదలైంది కాబట్టి దాని కాలువ అవతలి ఒడ్డు నుంచి బయల్దేరి ఆలంపురం వైపు పోతుంది. ఆ వైపు దాని ఆయకట్టు 87,500 ఎకరాలు. ఆనకట్ట కుడి చెయ్యి ఆనుకున్నది మా గట్టుకే. ఆ చెయ్యి మీద నిలబడి అవతలికి పోయే నీళ్ళను చూడొచ్చు. ఆర్‌డీఎస్ గొడవలు పేపర్లో చదివినప్పుడల్లా బయటివాళ్ళకు అది టీఎంసీల లెక్క. మాకు 1800 నాటి గీత.

నీళ్ళు రాని చోట మనుషులు కదులుతారు. మా వైపు దాన్ని సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల పండగ. మా దగ్గర ఆ మాటకు అర్థం ఇల్లు తాళమేసి, ముసలివాళ్ళను వదిలి, పిల్లల బడి మాన్పించి, పత్తి ఏరడానికో మిరపకాయలు కోయడానికో గుంటూరుకో తెలంగాణకో పోవడం. మా అవ్వ కాలంలో గుంటూరు కంటే ముందు గంగావతి క్యాంపులు. నాట్లకు పోయేవాళ్ళు. మా నాయనను చంకనేసుకుని ఆమె ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. ఇంట్లో ఈ మాట ఎప్పుడూ వినేవాణ్ణి. గంగావతి ఎక్కడుందో మ్యాపులో వెతకాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆనెగొంది నుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. నేను డబ్బు కట్టి, లైఫ్ జాకెట్ వేసుకుని చూడ్డానికి పోయిన చోటు పక్కనే ఆమె పనిచేసింది.

ఉగాదికి ఊరికి పోయినప్పుడు ఫోను పట్టుకుని అవ్వ పక్కన అరుగు మీద కూర్చున్నాను. గుడి చూపించాను, రాతిరథం చూపించాను. ఊ కొట్టింది. కొండలు రాగానే ఫోను లాక్కుంది.

"ఈ గుండ్లు నేను చూసినా."

"ఎక్కడ్నించి అవ్వా?"

"నాటేసేటప్పుడు నడుం నొచ్చి లేస్తే ఎదురుంగ అవే కదా."

"వాటెనకే హంపి. ఏరు దాటితే విరూపాక్ష గుడి. ఎప్పుడూ పోలేదా?"

"పొద్దు మునిగేదాంకా మడిలోనే ఉంటిమి. ఇంగెప్పుడు పోయేది?" అని, ఫోనుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. రెండు వేళ్ళతో పెద్దది చేయడం మా చెల్లెలి కొడుకు నేర్పాడట. కొండలను పక్కకు జరిపింది. వంగి ఉన్న ఆడవాళ్ళ మీద ఆపింది. చాలాసేపు చూసింది.

"నారు ముదిరిపోయింది," అంది. "పల్చగా ఏస్తాండారు. ఈ మడి సరిగ్గా పండదు."